కాటా మీద కదిలిన బరువు

"దొంగ అన్నవాడు ఫోన్ వదిలేసే పారిపోతాడు మేడమ్. అది మీకు నేను చెప్పాలా?" అన్నాడు క్నుడ్ టోఫ్ట్.

ఇన్‌స్పెక్టర్ రాగ్న హోల్మ్ లారీ క్యాబిన్ మెట్టు మీద నిలబడి లోపలికి చూస్తోంది. డ్రైవర్ సీటు పక్కన ఫోన్ చార్జింగ్‌లో ఉంది. సీటు వెనక కొక్కేనికి మందపాటి కోటు వేలాడుతోంది. డబ్బాలో నల్లరొట్టె ముక్కలు రెండు, అందులో ఒకటి సగం కొరికి ఉంది.

"కోటు కూడా వదిలేస్తాడా? మార్చి నెల చలిలో?"

"ఎక్కి పారిపోయిన కారులో హీటర్ ఉండదా ఏం?"

డెన్మార్క్ చివర, జర్మనీని ఆనుకుని ఉన్న పాడ్‌బోర్గ్ సరిహద్దు లారీ యార్డుకి టోఫ్ట్ మేనేజరు. నిన్న సాయంత్రం నుంచి కనిపించకుండా పోయిన ఆస్గర్ అతని కింద ఇరవయ్యేళ్ళుగా లారీ తోలుతున్నాడు. అయినా ఆ పేరుకి దొంగ అన్న మాట తగిలించడానికి టోఫ్ట్‌కి ఒక్క రాత్రి చాలింది. ఆస్గర్ తెచ్చిన జోడు బండిలోని ముందు ట్రైలర్‌లో చెక్క పలకల మీద పేర్చి కట్టిన రెండు ప్యాలెట్ల చీజ్ తక్కువ ఉంది. మనిషి లేడు, సరుకు లేదు. టోఫ్ట్ లెక్క అక్కడితో సరి.

"మా ఆయన రొట్టె సగంలో వదిలేసి లేవడండీ," అన్నది కింద నిలబడ్డ డోర్తె. ఆమె ఆస్గర్ భార్య. తెల్లవారకముందే వచ్చి యార్డులోనే ఉంది. "ఇల్లు తగలబడుతున్నా తిని లేస్తాడు. పారిపోవాలంటే ముందు ఈ ముక్క పూర్తిచేసి ఉండేవాడు."

"చూశారా, ఇదీ సాక్ష్యం," టోఫ్ట్ నవ్వాడు. "రొట్టె ముక్క."

రాగ్న మెట్టు దిగింది. "నాకు చాలా కేసుల్లో ఇంతకంటే చిన్న సాక్ష్యమే దొరికింది. సరే, నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇంట్లో. ఆరింటికల్లా భోజనానికి కూర్చున్నాను. వీళ్ళు వచ్చేది ఏడు దాటాకే కదా."

"ఎవరెవరు?"

"ఆస్గర్, ఇంకా పోలెండ్ వాడు యారెక్. మీకు తెలియనిదేముంది మేడమ్. మన వైపు జోడు ట్రైలర్ల పొడుగు బండి తోలొచ్చు. అవతల జర్మనీలో అంత బరువు ఒప్పుకోరు. అందుకని ఇక్కడ విడదీస్తాం. ముందుది ఆస్గర్ తీసుకెళ్తాడు, వెనకదానికి యారెక్ తన ఇంజిన్ బండి తగిలించుకుని పోతాడు. ఒక్క సరుకుకి రెండు బళ్ళు, ఇద్దరు డ్రైవర్లు. బ్రస్సెల్స్‌లో పెద్దలు అన్ని దేశాలకీ ఒకే కొలత పెడతామని ఎన్నేళ్ళుగా చెప్తున్నారో! పెట్టేదాకా మనకి ఈ రెట్టింపు కూలి తప్పదు."

"వెనక ట్రైలర్ ఇప్పుడెక్కడుంది?"

"ఇటలీ దారిలో. ఈపాటికి హాంబుర్గ్ దాటి ఎక్కడో ఉంటుంది."

రాగ్న సరుకు దింపే అరుగు దగ్గరికి నడిచింది. రెండు ట్రైలర్లనూ పక్కపక్కనే అరుగుకి ఆనించి నిలబెట్టడం ఇక్కడి పద్ధతి. ముందు ట్రైలర్ అక్కడే ఉంది, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పక్క చోటు ఖాళీ. ఆమె మోకాళ్ళ మీద వంగింది. అరుగు మీద తడి ఆరిపోయినా, సన్నని చక్రాల జాడలు మట్టి గీతలుగా మిగిలాయి. ముందు ట్రైలర్‌లోంచి వచ్చి పక్క ఖాళీ చోటు అంచు దాకా వెళ్ళాయి. వెళ్ళాయి, తిరిగొచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. రెండోసారి వెళ్ళాక తిరిగొచ్చిన జాడ లేదు.

ట్రైలర్ లోపల, తలుపు దగ్గర, ఇంకో ప్యాలెట్ కట్టుతాళ్ళు విప్పి, అడ్డంగా తిప్పి ఉంది. పయనానికి సిద్ధం చేసి, మధ్యలో ఆపేసినట్టు.

"ఇక్కడ బరువు సర్దేవాళ్ళా?"

టోఫ్ట్ భుజాలెగరేశాడు. "అప్పుడప్పుడు. ముందు దాంట్లో ఎక్కువైతే వెనక దాంట్లోకి మూడు నాలుగు ప్యాలెట్లు నెడతారు. అవతల కాటా మీద దొరికితే జరిమానా కదా."

"అయితే మీరన్న రెండు ప్యాలెట్లు పోలేదు. పక్క బండిలోకి మారాయి."

"ఊహ."

"ఊహే. ప్యాలెట్లు నెట్టే ట్రాలీ ఏది?"

టోఫ్ట్ చుట్టూ చూశాడు. ట్రైలర్ గోడకి ట్రాలీ బిగించే పట్టీలు ఖాళీగా వేలాడుతున్నాయి.

"పారిపోయేవాడు ఫోన్ వదిలేశాడు, కోటు వదిలేశాడు, రొట్టె వదిలేశాడు," అన్నది రాగ్న. "ఒక మనిషంత బరువుండే ఇనప ట్రాలీని మాత్రం చంకన పెట్టుకుని పోయాడా?"

డోర్తె ముందుకి వచ్చింది. "మేడమ్, ఆ ట్రాలీ ఎక్కడుంటే ఈయన..."

"అవునమ్మా. అక్కడే ఉంటాడు."

"ఆ బండిలో చల్లదనం ఎంత పెడతారు?"

రాగ్న అప్పటికే ఫోన్ తీసి యారెక్ నంబరు కలుపుతోంది. రెండు మాటలు విని, పెట్టేసింది.

"అదృష్టం. బండి హాంబుర్గ్ కూడా చేరలేదు. సరిహద్దు దాటగానే కాటా దగ్గర ఆపేశారట. రాత్రంతా అక్కడే ఉంది."

"ఆపారా?" అన్నాడు టోఫ్ట్. ఒక్క క్షణం ఆ గొంతు అతనిది కానట్టు వినిపించింది. వెంటనే సర్దుకున్నాడు. "మంచిది, మంచిది. నేనూ వస్తాను."

"వద్దు. మిమ్మల్ని ఇక్కడే ఉండమన్నానని రాసుకుంటున్నాను."

"అయితే ఈవిణ్ణి నా కారులో వెనకాలే తీసుకొస్తాను. పాపం, ఎలా వస్తుంది?"

రాగ్నకి వాదించే తీరిక లేదు. కారెక్కింది.

*

"ఈ గేటు దాటాక మీరు పర్యాటకులు ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాడు డెట్లెఫ్ బ్రోడర్సన్. "కాఫీ ఇవ్వమంటారా? ఫొటో తీయమంటారా?"

సరిహద్దుకి దక్షిణాన బళ్ళ బరువు చూసే స్టేషన్‌కి అతను అధికారి. ఏడాదిగా సరిహద్దు యార్డుల్లో సరుకు మాయమవుతున్న కేసు అతని దగ్గర సగం, రాగ్న దగ్గర సగం ఉంది. ఎవరి సగం వాళ్ళు పక్కవాళ్ళకి చూపించరు. పొద్దున్నే టోఫ్ట్ ఫోన్ చేసి ఆస్గర్ పేరు చెప్పగానే, దొంగ దొరికాడని బ్రోడర్సన్ తన పైవాళ్ళకి చెప్పేశాడు కూడా. రాత్రి ఆపిన బండి మాట మాత్రం టోఫ్ట్‌తో అనలేదు.

"ఆ ట్రైలర్ తెరవాలి."

"తెరవను."

"లోపల మనిషున్నాడు."

"లోపల చీజ్ ఉంది. ఇంజిన్ ఇరుసు మీద బరువు ఎక్కువుంది కాబట్టి ఆపాను. సీలు వేశాను. తినే సరుకు. ఆహార తనిఖీ అధికారి మధ్యాహ్నం వస్తాడు. ఆయన ముందు తెరుస్తాను, ఆయన ముందు సర్దిస్తాను. మీ డెన్మార్క్‌లో రైలంత బండిని రోడ్డు మీద వదిలేసి చేతులు దులుపుకుంటారు. ఇక్కడ అలా కుదరదు."

"మధ్యాహ్నం దాకా మనిషి బతకడు."

"మీ దొంగ ఈపాటికి ఏ హోటల్లోనో పడుకుని ఉంటాడు. అతని కోసం నోటీసు పంపించాను. మీరు నా సీలు పగలగొట్టి, చీజ్ పాడుచేసి, చివరికి ఎవరూ లేరనుకోండి, ఎవరు సంజాయిషీ చెప్పాలి? మీరు అటు వెళ్ళిపోతారు. నేనే కదా ఇక్కడ."

కిటికీ అవతల లారీ కనిపిస్తోంది. తెల్లటి ట్రైలర్ ముందు గోడకి బిగించిన శీతల యంత్రం గుయ్యిమంటూ నడుస్తోంది. దాని పక్కన చిన్న తెర మీద రెండు డిగ్రీలు. క్యాబిన్ మెట్టు మీద యారెక్ కూర్చుని ఉన్నాడు. పేరుకి పాతికేళ్ళ కుర్రాడు, మొహం చూస్తే పదేళ్ళు ఎక్కువ.

రాగ్న బయటికెళ్ళి అతని ముందు నిలబడింది. "నువ్వు వచ్చేసరికి తలుపులు?"

"మూసే ఉన్నాయి మేడమ్. గడియ కూడా వేసుంది. నేను ఇంజిన్ తగిలించుకుని వచ్చేశాను. ఆయన కనబడలేదు, టాయిలెట్‌కి పోయాడేమో అనుకున్నాను." అతను ట్రైలర్ వైపు తిరిగాడు. "రాత్రంతా నేను ఈ క్యాబిన్లోనే పడుకున్నాను. ఆయన గానీ లోపల ఉంటే... నాకు, ఆయనకి మధ్య ఒక్క గోడే కదా!"

"ఏమైనా వినిపించిందా?"

"ఈ యంత్రం మోతలో ఏం వినపడుతుంది మేడమ్? గోడలు జానెడు మందం."

రాగ్న ట్రైలర్ పక్క గోడని పిడికిలితో బలంగా కొట్టింది. మెత్తటి దిండుని కొట్టినట్టు శబ్దం అక్కడే చచ్చిపోయింది. చెవి ఆనించింది. యంత్రం మోత తప్ప ఇంకేం లేదు.

ఆమె తిరిగి లోపలికొచ్చింది. గొంతు పెంచలేదు.

"బ్రోడర్సన్. సీలు తీయొద్దు. తలుపు ముట్టుకోవద్దు. బండిని ఇంకొక్కసారి కాటా మీదికి ఎక్కించండి. తూకం వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా?"

"రాత్రి వేశాను. అంకె మారదు."

"మారకపోతే నేను మీ కాఫీ తాగి వెళ్ళిపోతాను. ఆస్గర్ దొంగ అని నా చేత్తో రాసిస్తాను."

బ్రోడర్సన్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె సంతకంతో దొంగ అన్న మాట. అతనికి ఆ బేరం నచ్చింది. యారెక్‌కి చెయ్యి ఊపాడు.

లారీ మెల్లగా ముందుకి కదిలింది. ఇనప పలకల మీదికి ముందు చక్రాలు ఎక్కాయి, తర్వాత ఇంజిన్ ఇరుసు, చివరికి ట్రైలర్ చక్రాలు. ప్రతిసారీ బండి చిన్నగా తూలి నిలబడింది. యారెక్ ఇంజిన్ ఆపి, దిగి, దూరంగా వచ్చాడు.

గదిలో తెర మీద మూడు అంకెలు వెలిగాయి. ముందు చక్రాల మీద ఎంత, ఇంజిన్ ఇరుసు మీద ఎంత, ట్రైలర్ చక్రాల మీద ఎంత.

"చూడండి," అన్నాడు బ్రోడర్సన్. "మధ్య అంకె. పరిమితి పదకొండున్నర టన్నులు, అది దాటింది. రాత్రి ఎంతో ఇప్పుడూ అం..."

మాట పూర్తి కాలేదు. మధ్య అంకె తగ్గింది.

కొద్దిగానే. నిదానంగా. మధ్య అంకె దిగుతున్నకొద్దీ ట్రైలర్ చక్రాల అంకె పెరుగుతోంది. తర్వాత రెండూ ఆగాయి.

"గాలి," అన్నాడు బ్రోడర్సన్.

బయట జెండా కర్ర మీద జెండా వాలిపోయి ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు.

"ఆ శీతల యంత్రం వణుకు అయ్యుంటుంది."

"ఆపించండి."

యారెక్ పరుగెత్తి మీట నొక్కాడు. యంత్రం గురకపెట్టి ఆగిపోయింది. ఆవరణ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

అంకెలు అలాగే ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. రాగ్న ఆలస్యమైందా అనుకుంది.

అప్పుడు మధ్య అంకె మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది. ఈసారి ఇంకా నిదానంగా, ఆగి ఆగి, మెట్లెక్కుతున్న ముసలివాడిలాగా. పైదాకా వచ్చి ఆగింది. మళ్ళీ కిందికి కదిలింది.

"కట్టేసి సీలు వేసిన సరుకు నడవదు బ్రోడర్సన్," అన్నది రాగ్న.

అతను అప్పటికే గదిలో లేడు. గోడకి వేలాడే పెద్ద కత్తెర తీసుకుని పరుగెత్తుతున్నాడు. ఆహార తనిఖీ అధికారి గురించి ఎవరూ మాట్లాడలేదు. సీలు తీగ తెగింది. గడియ పైకి లేచింది. రెండు రెక్కలూ ఒకేసారి తెరుచుకున్నాయి.

చలి పొగలా బయటికొచ్చింది. లోపల చివర్లో, సన్నటి స్వెటర్ మీద అట్టపెట్టెలు చించి కట్టుకున్న మనిషి ఒకడు, ట్రాలీ పిడి మీద ఒరిగి నిలబడ్డాడు. ట్రాలీ మీద నిండు ప్యాలెట్. వెలుతురుకి కళ్ళు చికిలించాడు.

"ఇంకా తొయ్యాలా," అన్నాడు గొంతు పెగలక, "చాలా?"

"చాలు ఆస్గర్," అన్నది రాగ్న. "చాలు, చాలు."

యారెక్ ట్రైలర్‌లోకి ఎగిరి దూకి, అతన్ని రెండు చేతులా వాటేసుకుని, పోలిష్ భాషలో ఏదో తిడుతూ ఏడ్చాడు.

*

ఆస్గర్ అంబులెన్స్ ఎక్కనన్నాడు. డోర్తె వస్తుంది కదా, ఆమె చూసేదాకా ఎక్కడికీ రానన్నాడు. వచ్చిన డాక్టరు నాడి చూసి, వేళ్ళు చూసి, వేడి తగులుతూ ఉంటే ప్రమాదం లేదని ఒప్పుకుంది. ఇప్పుడతను బ్రోడర్సన్ గదిలో, హీటర్ పక్కన, మూడు కంబళ్ళ కింద కూర్చుని పంచదార కుమ్మరించిన టీ తాగుతున్నాడు. కప్పు అతని చేతిలో వణుకుతోంది. కిందపడకుండా బ్రోడర్సన్ అడుగున చెయ్యి పెట్టి ఉంచాడు. ఆ సంగతి అతనికే తెలిసినట్టు లేదు.

"రాత్రంతా ట్రాలీ తోస్తూనే ఉన్నాను," అన్నాడు ఆస్గర్. "కూర్చుంటే పోతానని తెలుసు. సరుకు మధ్య సందులో, ఆ చివర నుంచి ఈ చివరకి. పొద్దున్నకి కాళ్ళు రాలేదు, కూలబడ్డాను. ఇంక అయిపోయిందనుకున్నాను. అప్పుడు బండి కదిలింది. టక్కుమని ఒక ఎత్తు ఎక్కింది. ఇన్నేళ్ళు తోలాను, కాటా పలక నాకు తెలీదా? రాత్రి ఎక్కినప్పుడు అరుస్తూ నిలబడిపోయాను, ఇది తోచలేదు. నా అరుపు ఎవరికీ వినపడదు. బరువైతే కనపడుతుంది కదా అనుకున్నాను. లేచాను."

బ్రోడర్సన్ నేల వైపు చూస్తూ అన్నాడు: "నేను రాత్రే తెరిచి చూడాల్సింది."

"మీరు రాత్రే ఆపారు," అన్నది రాగ్న. "ఎవరూ పట్టించుకోనంత కొద్దిపాటి అదనపు బరువుకి ఆపారు. అలా ఆపకపోతే ఇప్పుడు ఆల్ప్స్ కొండల్లో ఉండేవాడు. తలుపు ఇటలీలో తెరిచేవాళ్ళు."

అతను తలెత్తి చూశాడు. ఏడాదిలో మొదటిసారి ఆమె తనని మెచ్చుకుంటోంది. "టీ ఇంకొంచెం పొయ్యనా?" అన్నాడు.

"పొయ్యండి. నాకు కూడా." రాగ్న కుర్చీలో వెనక్కి వాలింది. భుజాల మీంచి ఎవరో బరువు దింపినట్టుంది. యారెక్ చూసుకోకుండా తలుపు మూసుంటాడు, ఎవరో దారిన పోయేవాడు గడియ వేసుంటాడు, అంతే. పనిలో జరిగే పొరపాటు. కేసు ఇక్కడితో ముగిసిపోతే ఎంత బావుండు అనుకుంది. అయినా అడిగింది.

"తలుపు ఎలా మూసుకుంది?"

ఆస్గర్ కప్పు దించాడు.

"రెండో ప్యాలెట్ లోపలిదాకా తోసి దించుతున్నాను. ఒక రెక్క మూసుకుంది. ‘ఓయ్, నేను లోపలున్నాను’ అని అరిచాను. రెండో రెక్క మూసేముందు బయటివాడు అన్నాడు, ‘నాకు తెలుసు ఆస్గర్’ అని."

హీటర్ చిటపటలాడింది.

"గొంతు గుర్తుపట్టావా?"

"ఇరవయ్యేళ్ళుగా ఆ గొంతు ఎటు పొమ్మంటే అటు బండి తోలాను. క్నుడ్ టోఫ్ట్‌ది. ఇలా ప్యాలెట్లు అటూ ఇటూ సర్దేటప్పుడు లెక్క ఎవరికీ ఉండదు కదా. ఆ సందులోనే సరుకు మాయం చేస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం మొహం మీదే అడిగేశాను. రేపు నువ్వే పోలీసులకి చెప్పు, లేకపోతే నేను చెప్తానన్నాను. స్నేహితుడు కదా అని ఒక్కరోజు టైమిచ్చాను."

రాగ్న చటాలున లేచి నిలబడింది. డోర్తె. డోర్తెని టోఫ్ట్ కారులో వదిలేసి వచ్చింది తనే. ఫోన్ నొక్కింది. మోగింది. మళ్ళీ మోగింది. ఆస్గర్ ఆమె మొహం చూసి కంబళ్ళు తోసేసుకుంటున్నాడు.

"హలో?" అన్నది డోర్తె. వెనకాల ఏవో గొంతులు, బ్రేకు చప్పుడు. "మేడమ్, దొరికాడా? చెప్పండి, ముందది చెప్పండి."

"దొరికాడమ్మా. బతికే ఉన్నాడు. నా ఎదురుగా టీ తాగుతున్నాడు. నువ్వెక్కడున్నావు?"

అవతల ఏడుపో నవ్వో తెలియని శబ్దం వచ్చింది.

"బస్సులో ఉన్నాను."

"టోఫ్ట్ కారులో కాదా?"

"వాడి కార్లోనా?" డోర్తె గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "తలుపు తెరిచి, ఎక్కు ఎక్కు అని బతిమాలాడు. నా మొగుణ్ణి నా మొహం మీదే దొంగ అన్నవాడి పక్కన కూర్చుంటానా? నడిచైనా వస్తాను గానీ నీ కారెక్కనన్నాను. ధడాలున తలుపేసుకుని వెళ్ళిపోయాడు. అక్కడికే వస్తున్నాడు. ఈపాటికి వచ్చేసి ఉండాలి."

రాగ్న ఫోన్ ఆస్గర్ చేతికిచ్చింది. అతను రెండు చేతులతో చెవికి అదుముకుని, "ఆఁ... ఆఁ... లేదు, తినలేదు, నువ్వొచ్చాక తింటాను," అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

కిటికీ దగ్గర నిలబడ్డ బ్రోడర్సన్ తిరగకుండానే నెమ్మదిగా పిలిచాడు. "రాగ్నా."

బూడిదరంగు కారు ఒకటి గేటులోంచి లోపలికొచ్చింది. కాటా మీద తలుపులు బార్లా తెరిచి ఉన్న ట్రైలర్ పక్కన ఆగింది. టోఫ్ట్ దిగాడు. మనిషి లేని ట్రైలర్‌లోకి తొంగిచూశాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆఫీసు గది వైపు నడిచాడు. కుడి చెయ్యి కోటు జేబులోంచి బయటికి తీయలేదు.

బ్రోడర్సన్ తన బెల్టు మీద చెయ్యి వేసి తలుపుకి ఒక పక్కన నిలబడ్డాడు. రాగ్న రెండో పక్కకి జరిగింది. యారెక్‌ని బల్ల వెనక్కి వెళ్ళమని సైగ చేసింది. ఆస్గర్‌ని కూడా వెళ్ళమంది.

ఆస్గర్ వెళ్ళలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, కంబళి భుజాల మీదికి లాక్కుని, తలుపు దాకా నడిచాడు. అవతలి అడుగుల చప్పుడు గుమ్మం ముందు ఆగింది. అవతలివాడు తట్టేలోపే పిడి తిప్పి, తలుపు తనే తెరిచాడు.

"రా క్నుడ్," అన్నాడు. "ఇక్కడ చలి లేదు."